పాఠం ఫోన్‌లో, పని చేతుల్లో: హ్యామ్ అత్యవసర శిక్షణ నడిపే పద్ధతి

(విశాఖపట్నంలో శిక్షకుల కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరుసకు వినిపిస్తోందా? సరే.

ఇక్కడున్నవాళ్లలో సగం మందికి పైగా లైసెన్సు ఉన్న హ్యామ్‌లు, అంటే అభిరుచి కొద్దీ రేడియో సెట్టు నడిపేవాళ్లు. మిగతావాళ్లు కాలేజీల్లోనో స్వచ్ఛంద సంస్థల్లోనో శిక్షణ తరగతులు నడిపేవాళ్లు. కాబట్టి హ్యామ్ రేడియో అంటే ఏమిటి అన్న దగ్గర మొదలుపెట్టను. తుఫాను రోజున పనికొచ్చే ఆపరేటర్‌ని ఆరు వారాల్లో ఎలా తయారుచెయ్యాలి, అందులో ఏది ఫోన్‌లో చెప్పొచ్చు, ఏది గదిలో కూర్చోబెట్టి చేయించాలి, అంతవరకే మాట్లాడతాను.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను సరిగ్గా ఈ ఊరి మీద తీరం దాటింది. కరెంటు పోయింది, సెల్ టవర్లు పోయాయి, రోడ్లన్నీ పడిపోయిన చెట్లతో మూసుకుపోయాయి. అలాంటి రోజున సెట్టు ముందు కూర్చున్న మనిషికి ఓమ్ సూత్రం గుర్తు రాకపోయినా పని ఆగదు. చీకట్లో కేబుల్ బిగించడం రాకపోతే ఆగిపోతుంది. అవతలి మనిషి చెప్పిన అంకె సరిగ్గా రాసుకోవడం రాకపోతే ఆగడం కంటే ఘోరం జరుగుతుంది: తప్పు కబురు వెళ్తుంది. అందుకే శిక్షణ ప్రణాళిక రాసేటప్పుడు ప్రతి అంశం పక్కనా ఒకే ప్రశ్న వేసుకోండి. ఇది చెప్తే వస్తుందా, చేస్తేనే వస్తుందా? చెప్తే వచ్చేదంతా ఫోన్‌కి పంపెయ్యండి. ఆదివారం గదిలో ఉపన్యాసం అన్నదే ఉండకూడదు. పదహారు మంది బస్సులెక్కి వచ్చి, నాలుగు గంటలు కూర్చుని, తెర మీద బొమ్మలు చూసి వెళ్లిపోతే ఆ రోజు వృథా. అవే బొమ్మలు ఇంట్లో చూసుకోవచ్చు కదా.

ముందు క్యాలెండర్ సంగతి. మన తీరానికి తుఫాన్లు ముఖ్యంగా రెండు కాలాల్లో వస్తాయి, ఎండాకాలం చివర ఒకటి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇంకొకటి. హుద్‌హుద్ అక్టోబర్‌లోనే. 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ కూడా అక్టోబర్ 11నే. అంటే సెప్టెంబర్ చివరికల్లా బ్యాచ్ పూర్తయిపోవాలి. ఇంకో వెసులుబాటు ఉంది, దాన్ని చాలామంది వాడుకోరు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో చేపల వేట నిషేధం. ఆ 61 రోజులూ మరపడవలవాళ్లు ఒడ్డునే ఉంటారు. సముద్రం మీద రేడియో వాడిన అలవాటు కొందరికి ముందే ఉంటుంది. వాళ్లలో నలుగురిని మీ బ్యాచ్‌లోకి తెచ్చుకోగలిగితే, కాలేజీ పిల్లలకు మీరు పది రోజులు చెప్పినా రాని ఓపిక వాళ్లను చూసి వస్తుంది. వాళ్లు పడవలో వాడే మెరైన్ బ్యాండు (ఫ్రీక్వెన్సీల పట్టీ) వేరు, మన 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ వేరు. ఆ తేడా మొదటి రోజే చెప్పండి.

బ్యాచ్‌కి పదహారు మంది. అంతకు మించొద్దు. నాలుగు బల్లలు, బల్లకి నలుగురు, బల్లకి ఒక లైసెన్సు ఉన్న హ్యామ్. ఇరవై నాలుగు మందిని తీసుకుంటే బల్లకి ఆరుగురవుతారు. ఇద్దరు చేస్తారు, నలుగురు చూస్తారు. చూసిన నలుగురికీ ఏమీ రాదు. ఆరు వారాలు, వారానికి రెండు సాయంత్రాలు ఆన్‌లైన్, మొత్తం పన్నెండు. మూడు ఆదివారాలు గదిలో, ఉదయం తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా. చివర్లో ఒక ఆదివారం పూర్తి డ్రిల్.

ఆన్‌లైన్ సాయంత్రం ముప్పావుగంట చాలు. ముందుగా చూసి రావాల్సిన వీడియో పది నిమిషాలు దాటకూడదు, ఒక వీడియోలో ఒకే విషయం. చాలామంది చూసేది ఫోన్‌లోనే, ఆ రోజు డేటా అప్పటికే అయిపోయి ఉంటుంది. కాబట్టి ప్రతి వీడియోకి ఆడియో మాత్రమే ఉన్న ఫైలు ఒకటి, ఒక పేజీ నోట్సు ఫొటో ఒకటి వాట్సాప్ గ్రూపులో పెట్టండి. సమయం కూడా బ్యాచ్‌ని అడిగే పెట్టండి. ఎనిమిదింటికి పెడితే వంటింట్లో ఉన్న ఆడవాళ్లు రాలేరు, తొమ్మిదిన్నరకు పెడితే తెల్లవారుజామునే లేచి పనిలోకి పోయేవాళ్లు నిద్రపోతారు. ఒకే పాఠం రెండు వేళల్లో చెప్పాల్సి వస్తే చెప్పండి. ఆ శ్రమ దండగ కాదు.

ఆ పన్నెండు సాయంత్రాల్లో ఏం చెప్పాలో మీకు తెలిసిందే: బ్యాండ్లు, తరంగం ఎలా ప్రయాణిస్తుంది, నిబంధనలు, క్యూ కోడ్ (క్యూతో మొదలయ్యే మూడక్షరాల సంకేతాలు), అక్షరాలు పొరపడకుండా పలికే ఆల్ఫా బ్రేవో అక్షరమాల, సందేశ పత్రం. వాటి మీద సమయం తీసుకోను. ఆన్‌లైన్‌లో నిజంగా పనికొచ్చేది ఒకటుంది, దాని దగ్గర కాసేపు ఆగుతాను. అది సాధన నెట్. నెట్ అంటే చాలామంది ఒకే ఫ్రీక్వెన్సీ మీద, నెట్ కంట్రోల్ అనే ఒకరి అదుపులో, వంతుల ప్రకారం మాట్లాడడం.

లైసెన్సు రాని విద్యార్థి మన బ్యాండ్ల మీద సెట్టు నొక్కకూడదు. కానీ నెట్ క్రమశిక్షణ నేర్చుకోవడానికి రేడియోయే అక్కర్లేదు. జూమ్ లాంటి సమావేశంలో అందరూ కెమెరాలు ఆపేస్తారు, మైకులు మూసేస్తారు. కంప్యూటర్ ఉన్నవాళ్లు స్పేస్ బార్ నొక్కి పట్టుకుంటే మైకు తెరుచుకుంటుంది, వదిలితే మూసుకుంటుంది. అచ్చంగా సెట్టు మీద నొక్కి మాట్లాడే పీటీటీ మీట లాగే. ఫోన్‌లో ఉన్నవాళ్లు మైకు గుర్తు తాకి తెరవాలి, మాట అవగానే మళ్లీ మూయాలి. శిక్షకుడు మొదట నెట్ కంట్రోల్. మూడో సాయంత్రం నుంచి విద్యార్థులే వంతులవారీగా ఆ కుర్చీలో కూర్చోవాలి. లైసెన్సుతో వచ్చే గుర్తింపు పేర్లు, అంటే కాల్‌సైన్లు, ఇంకా లేవు కాబట్టి స్థానం పేర్లతో పిలుచుకుంటారు: బీచ్ రోడ్, గాజువాక, భీమిలి, పాడేరు.

ఇందులో జరిగే మొదటి తప్పు ఏమిటంటే నొక్కీ నొక్కకముందే మాట్లాడేస్తారు. మొదటి అక్షరం తెగిపోతుంది. "గాజువాక" కాస్తా "జువాక" అవుతుంది. సిగ్నల్‌ని అందుకుని మళ్లీ పంపే రిపీటర్ మీద కూడా ఇదే జరుగుతుంది, అది తెరుచుకోవడానికి ఓ క్షణం పడుతుంది. అందుకే నొక్కు, ఒక్క క్షణం ఆగు, మాట్లాడు. ఈ అలవాటు సమావేశంలోనే వేళ్లలోకి దిగిపోవాలి. రెండో తప్పు, ఇద్దరు ఒకేసారి మాట్లాడినా సమావేశంలో ఇద్దరి మాటా కొద్దో గొప్పో వినిపిస్తుంది. ఎఫ్‌ఎం సెట్లో అలా కాదు. బలమైన సిగ్నల్ రెండోదాన్ని మింగేస్తుంది, లేదా రెండూ కలిసి కీచుమంటాయి. ఇది చెప్పకుండా వదిలేస్తే పిల్లలు మాట మీద మాట అలవాటు చేసుకుంటారు. కాబట్టి సాధన నెట్‌లో ఇద్దరు ఒకేసారి తెరిస్తే నెట్ కంట్రోల్ ఇద్దరినీ విననట్టే లెక్క, ఇద్దరూ మళ్లీ చెప్పాలి.

నాలుగో వారం నుంచి రొద కలపండి. ఒక చిన్న మెళకువ: గదిలో ఫ్యానో టీవీనో పెట్టి రొద కలపాలని చూస్తే ఆ యాప్ దాన్ని నేపథ్య శబ్దం అనుకుని తీసేస్తుంది. రేడియో రొదని రికార్డు చేసుకుని, తెర పంచుకునేటప్పుడు కంప్యూటర్ శబ్దాన్ని కూడా పంచే వీలుంటుంది, అందులోంచి వదలండి. మొదట సన్నగా, వారం గడిచేకొద్దీ పెంచుతూ పోవాలి.

ఇక అంకెల సంగతి. దీని మీద నాకు గట్టి పట్టుదల ఉంది, ఎందుకంటే మన భాషకి వచ్చే చిక్కులు ఇంగ్లిష్‌లో రాసిన ఏ శిక్షణ పుస్తకంలోనూ ఉండవు. రొదలో "పదిహేను", "పదిహేడు" ఒకేలా వినిపిస్తాయి. "మూడు", "ఏడు" రెండూ "డు"తోనే ఆగుతాయి, ముందు అక్షరం తెగితే తేడా లేదు. "ఆరు", "నూరు" కూడా అంతే. అందుకని ఏ సంఖ్యనీ మొత్తంగా చెప్పొద్దు. విడివిడిగా, ఒక్కో అంకె మధ్య చిన్న ఆగుతో చెప్పాలి. 140 అంటే "నూట నలభై" కాదు. "అంకెలు, ఒకటి, నాలుగు, సున్నా". మూడుకీ ఏడుకీ అనుమానం వస్తే వరసలో లెక్కపెట్టి చూపించాలి: "ఐదు, ఆరు, ఏడు, ఏడు". అవతలివాడు ఏ అంకె దగ్గర ఆగామో పట్టుకుంటాడు. లేదా ఇంగ్లిష్‌లో ఇంకోసారి చెప్పాలి. ఏ పద్ధతైనా సరే, బ్యాచ్ మొత్తం ఒకటే పాటించాలి.

ఊళ్ల పేర్లు ఇంకా ప్రమాదం. పెదగంట్యాడ, చినగంట్యాడ రెండూ గాజువాక వైపే ఉన్నాయి. ముందున్న "పెద"నో "చిన"నో రొదలో పోతే మిగిలేది "గంట్యాడ". గంట్యాడ అని విజయనగరం జిల్లాలో ఒక మండలమే ఉంది. రెండక్షరాలు తెగినందుకు నీళ్ల ట్యాంకర్ జిల్లా దాటిపోతుంది. కాబట్టి ఊరి పేరు వెనక మండలం, మండలం వెనక జిల్లా, మూడూ చెప్పడం నియమం. కాగితం మీద అది ముందే అచ్చు వేసి ఉండాలి, ఆపరేటర్ జ్ఞాపకానికి వదలకూడదు.

సందేశ పత్రంలో మాటల లెక్క అని ఒక గడి ఉంటుంది కదా. పంపినవాడు లెక్కపెట్టిన మాటలు, రాసుకున్నవాడు లెక్కపెట్టిన మాటలు ఒకటైతేనే సందేశం అందినట్టు. ఇంగ్లిష్‌లో ఇది తేలిక. తెలుగులో మాటలు అతుక్కుంటాయి. "తాగు నీళ్లు" అని ఒకరు రెండుగా రాస్తారు, "తాగునీళ్లు" అని ఇంకొకరు ఒకటిగా రాస్తారు. లెక్క కుదరదు, మళ్లీ మొదటి నుంచి చదవాలి, బ్యాటరీ ఖర్చు. దీనికి నియమం ఇలా పెట్టుకోండి: పంపేవాడు కాగితం మీద ఖాళీ వదిలి రాసిన ప్రతి ముక్కా ఒక మాట; చదివేటప్పుడు ఆ ఖాళీ దగ్గరే ఆగాలి; రాసుకునేవాడు ఆగిన చోటే ఖాళీ వదలాలి. ఉదాహరణకి: "పెదజాలారిపేట షెల్టర్‌లో 140 మంది తాగునీళ్లు లేవు ట్యాంకర్ కావాలి". ఎనిమిది మాటలు, సంఖ్య కూడా ఒక మాటే. ఐదేసి మాటలు చదివి, నొక్కుడు వదిలి, ఒక క్షణం వినాలి. అవతలివాడికి ఏదైనా పోతే ఆ సందులోనే అడుగుతాడు. ఇరవై ఐదు మాటలు దాటితే రెండు సందేశాలుగా విడగొట్టండి.

సందేశాన్ని ఆపరేటర్ దిద్దకూడదు. ఈ మాట వందసార్లు చెప్పినా తక్కువే. కాగితం మీద మందు పేరు తప్పుగా ఉన్నట్టు అనిపిస్తే, రాసిచ్చినవాళ్ల దగ్గరికి వెళ్లి అడిగి, వాళ్ల చేతే దిద్దించాలి. మనకు తెలిసినట్టు మార్చి పంపకూడదు.

ఇక గదిలోకి వద్దాం. శనివారం రాత్రి ఎనిమిదింటికల్లా పది ప్రశ్నల పరీక్ష ఫోన్‌లోనే పూర్తి చెయ్యాలి. చెయ్యనివాళ్లని వెనక్కి పంపొద్దు, అలా పంపితే మళ్లీ రారు. వాళ్లని ముందు ఒక గంట లాగ్ (ఎప్పుడు ఏం జరిగిందో నమోదు) రాసే పని మీద పెట్టండి. బల్ల దగ్గర జరిగేది రాస్తుంటే సగం పాఠం అందుతుంది, తర్వాత చేతి పనిలోకి దించొచ్చు.

మొదటి ఆదివారం కనెక్టర్. ఒక్కొక్కరూ ఒక పీఎల్-259 కనెక్టర్‌ని (కేబుల్‌ని సెట్టుకి, యాంటెన్నాకి తగిలించేది) ఆర్‌జీ-58 అనే సన్న యాంటెన్నా కేబుల్‌కి సోల్డర్ చెయ్యాలి. మనిషికి మీటరు కేబుల్, రెండు కనెక్టర్లు, రెండు రెడ్యూసర్లు ఇవ్వండి. ఒకటి తప్పకుండా పాడవుతుంది కాబట్టి రెండు. ఆర్‌జీ-58 మందం 5 మిల్లీమీటర్లే, కనెక్టర్ రంధ్రం పెద్దది, అందుకే ఆ సందు పూడ్చే రెడ్యూసర్. పని మొదలయ్యే ముందు బయటి మరతొడుగు, దాని వెనక రెడ్యూసర్, ఆ వరసలోనే కేబుల్ మీదికి ఎక్కించాలి. ఇది మరిచిపోయి అంతా అందంగా సోల్డర్ చేసేసి, బిగించబోతే మరతొడుగు బల్ల మీదే కనిపిస్తుంది. కోసి మళ్లీ మొదలుపెట్టడం తప్ప దారి లేదు. గదిలో అది జరగనివ్వండి, ఆపకండి. ఒకసారి జరిగితే జన్మలో మరవరు.

తర్వాత పై తొడుగు రెండు సెంటీమీటర్లు ఒలవాలి. బ్లేడు లోతుగా దిగితే తొడుగు కింద జడలా అల్లి ఉన్న తీగలు తెగుతాయి. జడని వెనక్కి దువ్వి రెడ్యూసర్ మీద సమంగా పరచాలి. మధ్య తీగ చుట్టూ ఉన్న తెల్ల ప్లాస్టిక్‌ని ఒకటిన్నర సెంటీమీటరు ఒలిచి, తీగకి పలచగా సీసం పట్టించి, కనెక్టర్‌ని దాని మీదికి తిప్పుతూ బిగించాలి. ఇప్పుడు ఒళ్లు మీదున్న నాలుగు రంధ్రాల్లోంచి జడ మెరుస్తూ కనిపించాలి. అక్కడ సోల్డర్ చెయ్యడానికి చిన్న ఇరవై ఐదు వాట్ల ఐరన్ చాలదు. కనెక్టర్ ఒళ్లంతా వేడిని లాగేస్తుంది, సీసం కరిగినట్టే కనిపించి బుడగలా పైన కూర్చుంటుంది, లోపల అతకదు. వారం తర్వాత ఊడుతుంది. కనీసం అరవై వాట్ల ఐరన్ కావాలి, వెడల్పు మొన ఉండాలి. అలాగని అరనిమిషం పైన అదిమి పెడితే లోపలి తెల్ల ప్లాస్టిక్ కరిగి మధ్య తీగ పక్కకు జరిగి జడను తాకుతుంది. వేడి ఎక్కువ, సమయం తక్కువ. అంతే సూత్రం.

చల్లారాక మల్టీమీటర్, రెండు చోట్లు కలిసి ఉంటే అది కూత పెడుతుంది. మొన నుంచి మొనకి కూత రావాలి, ఒళ్లు నుంచి ఒళ్లుకి కూత రావాలి, మొన నుంచి ఒళ్లుకి రాకూడదు. కేబుల్ ఊపుతూ ఇంకోసారి చూడాలి. కేబుల్ యాంటెన్నాకి తగిలించి ఉండగా ఈ పరీక్ష చెయ్యొద్దు. జే-పోల్ లాంటి కొన్ని యాంటెన్నాలు మీటరుకి షార్ట్ లాగే కనిపిస్తాయి, బాగున్న కేబుల్‌ని కోసేస్తారు.

మన ఊరికి ఇంకోటి కలపాలి, ఉప్పుగాలి. బీచ్ రోడ్డు మీద డాబా పైన వదిలేసిన కనెక్టర్ కొన్ని నెలల్లోనే పచ్చబారుతుంది. నీరు జడలోకి దిగితే దూదిలో నూనె పాకినట్టు మీటర్ల కొద్దీ లోపలికి పాకుతుంది, ఆ కేబుల్ ఇక బాగుపడదు. సాగదీస్తే తనలో తానే అతుక్కునే రబ్బరు టేపు మొదట, దాని మీద మామూలు ఇన్సులేషన్ టేపు, కింది నుంచి పైకి చుట్టుకుంటూ రావాలి, పెంకుల ఇంటి కప్పులా నీరు జారిపోయేలా. కిటికీలోకి వచ్చే ముందు కేబుల్‌ని కిందికి వేలాడేలా ఒక వంపు వదలండి.

రెండో ఆదివారం యాంటెన్నాలు. మొదటి సగంలో 145 మెగాహెర్ట్జ్‌కి గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా: పీఎల్-259 బిగుసుకునే ఒక ఎస్‌ఓ-239 సాకెట్, మధ్యలో నిలువుగా 49 సెంటీమీటర్ల తీగ, నాలుగు మూలల నుంచి 52 సెంటీమీటర్ల తీగలు నలభై ఐదు డిగ్రీలు కిందికి వంచి. గంటన్నరలో అయిపోతుంది. దీంతోపాటే కేబుల్ నష్టం కూడా చూపించండి. ఈ ఫ్రీక్వెన్సీలో ఇరవై మీటర్ల ఆర్‌జీ-58 సుమారు 4 డీబీ తినేస్తుంది, అంటే సెట్టు 5 వాట్లిస్తే యాంటెన్నాకి చేరేది 2 వాట్లు. మూడంతస్తుల పైకి పొడవాటి సన్న కేబుల్ లాగడం కంటే, మధ్యలో మంచి చోటు చూసి చిన్న కేబుల్‌తో పెట్టడమే మేలైన సందర్భాలు చాలా ఉంటాయి.

రెండో సగంలో 7 మెగాహెర్ట్జ్ డైపోల్, అంటే రెండు చేతుల తీగ యాంటెన్నా. ఇది మనకు ఎందుకు ముఖ్యం? మన చుట్టూ కొండలు. యారాడ కొండ అటు, సింహాచలం కొండ ఇటు, పాడేరు వైపు పోతే కనుమలే కనుమలు. 145 లాంటి వీహెచ్ఎఫ్ సిగ్నల్ చూపు మేరకే పోతుంది, కొండ వెనక నీడ పడుతుంది. డైపోల్‌ని మూడు నాలుగు మీటర్ల ఎత్తులోనే కడితే పగటిపూట సిగ్నల్ నిటారుగా పైకి పోయి, ఆకాశంలో పైనున్న అయనావరణం అనే పొర నుంచి గొడుగులా కిందికి దిగుతుంది. కొండలు అడ్డం కావు. పాడేరు, శ్రీకాకుళం, రాజమహేంద్రవరం అన్నీ ఆ గొడుగు కిందికి వస్తాయి. ఎత్తు ఎక్కువైతే దూరం పోతుంది, దగ్గరివాళ్లకి వినిపించదు. ఎత్తుగా కడితేనే మంచిదని అందరూ అనుకుంటారు, అది మన అవసరానికి తప్పు. రాత్రయ్యేసరికి 7 మెగాహెర్ట్జ్ దగ్గరి ఊళ్లకి పనిచెయ్యడం మానేస్తుంది, అప్పుడు 3.5 బ్యాండుకి దిగాలి. మన ప్రాంతానికి హ్యామ్‌ల అంతర్జాతీయ సమాఖ్య ఐఏఆర్‌యూ సూచించిన అత్యవసర ఫ్రీక్వెన్సీలు 3.600, 7.110, 14.300 మెగాహెర్ట్జ్. వాటిని బోర్డు మీద రాసి ఉంచండి.

ఇంట్లో వాడే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల వైరు చాలు. సూత్రం ప్రకారం ఒక్కో చెయ్యి 10 మీటర్లు వస్తుంది, మీరు 10.3 కొయ్యండి. ఎస్‌డబ్ల్యూఆర్ (యాంటెన్నా ఆ ఫ్రీక్వెన్సీకి ఎంత కుదిరిందో చెప్పే అంకె) ఎక్కడ కనిష్ఠమో మీటరు మీద చూడండి. 6.90 దగ్గర ఉందనుకోండి, కావాల్సింది 7.11, తేడా మూడు శాతం. చేతి పొడవులోనూ మూడు శాతమే తగ్గించాలి, అంటే ముప్ఫై సెంటీమీటర్లు. మొదటిసారి ఇరవై కొయ్యండి, కొలవండి, అప్పుడు మిగతాది. రెండు చేతులూ సమానంగా. అసలు కొయ్యకుండా వెనక్కి మడిచి మెలిపెట్టినా సరిపోతుంది, రేపు ఇంకో చోట కడితే మళ్లీ కాస్త పొడవు కావాల్సి రావచ్చు.

మూడో ఆదివారం కరెంటు. లెక్క బల్ల మీదే చేయించండి. 25 వాట్ల మీద పెట్టిన మొబైల్ సెట్టు మాట్లాడేటప్పుడు సుమారు 6 ఆంపియర్లు, వినేటప్పుడు అర ఆంపియరు లాగుతుంది. గంటలో పదో వంతు మాట్లాడితే, గంటకి దాదాపు ఒక ఆంపియర్-అవర్. రోజుకి పాతిక. లెడ్ యాసిడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి కాబట్టి 50 ఆంపియర్-అవర్లది కావాలి. యూపీఎస్‌లోంచి పీకి తెచ్చే 7 ఆంపియర్-అవర్ల బ్యాటరీతో మూడు గంటలు దాటవు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 30 చాలు, బరువు మూడో వంతు, మోసుకుపోవాల్సిన చోట అదే మంచిది.

సన్న వైరు సంగతి ఇక్కడే తెలియాలి. ముప్పావు చదరపు మిల్లీమీటరు వైరు మూడు మీటర్లు వేస్తే, 6 ఆంపియర్ల దగ్గర రానూ పోనూ కలిపి 0.8 వోల్టు దానిలోనే పోతుంది. బ్యాటరీ 12.2 చూపిస్తుంది, సెట్టుకి 11.4 చేరుతుంది, నొక్కగానే సెట్టు ఆరిపోతుంది. వినడం మాత్రం బాగానే వినిపిస్తుంది కాబట్టి అందరూ సెట్టు పాడైందనుకుంటారు. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల వైరు వెయ్యండి, బ్యాటరీ గుబ్బ పక్కనే 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు సెట్టు దగ్గర పెడితే మధ్యలో వైరు షార్టయినప్పుడు దానివల్ల ఉపయోగం లేదు.

డిజిటల్ పద్ధతులు, రేడియో మీద నడిచే విన్‌లింక్ మెయిలు, కంప్యూటర్ డేటా పంపే ప్యాకెట్, ఇవన్నీ ఈ ఆరు వారాల్లో వద్దు. ఒక సాయంత్రం చూపించండి, ఇష్టం ఉన్నవాళ్లకి వేరే తరగతి పెట్టండి. నోటితో సందేశం తప్పు లేకుండా పంపడం రాకముందే కంప్యూటర్ కలిపితే రెండూ సగం సగమే వస్తాయి.

ఇప్పుడు డ్రిల్. దాన్ని వాతావరణ శాఖ హెచ్చరికల వరసలోనే నడపండి. 48 గంటల ముందు తుఫాను అలర్టు, 24 గంటల ముందు వార్నింగు. కాబట్టి డ్రిల్ ఆదివారమైతే శుక్రవారం ఉదయమే గ్రూపులో అలర్టు వస్తుంది: బ్యాటరీలు ఛార్జింగు పెట్టి వోల్టేజీ ఫొటో పంపాలి. శనివారం వార్నింగు: యాంటెన్నా దించి, చుట్టి, లోపల పెట్టాలి. అవును, దించాలి. హుద్‌హుద్ లాంటి గాలికి ఏ స్తంభమూ ఆగదు, దించి దాచిన తీగే మర్నాడు పనికొస్తుంది. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి అందరి ఫోన్లూ ఒక పెట్టెలోకి పోతాయి. అక్కడి నుంచి నలభై నిమిషాల్లో ప్రతి జట్టూ యాంటెన్నా కట్టి నెట్‌లో హాజరు చెప్పాలి.

తుఫాను కన్ను గురించి ప్రత్యేకంగా చెప్పండి. హుద్‌హుద్ కన్ను నగరం మీదుగానే పోయింది. గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది, అయిపోయిందనిపిస్తుంది. కాసేపటికి ఎదురు దిక్కు నుంచి అంతే బలంగా కొడుతుంది. ఆ నిశ్శబ్దంలో యాంటెన్నా కట్టడానికి డాబా ఎక్కిన మనిషి ప్రాణం పోతుంది. డ్రిల్ మధ్యలో నెట్ కంట్రోల్ "గాలి ఆగింది" అని ప్రకటించాలి. ఎవరు డాబా ఎక్కుతారో చూడండి. ఎక్కిన జట్టు తప్పినట్టే, సందేశాలన్నీ సరిగ్గా పంపినా సరే.

జట్టుకి పది సందేశాలు. అందులో రెండు అంకెలతో నిండినవి, ఒకటి మందుల పేర్లది, ఒకటి చదవడానికి వీల్లేని చేతిరాతతో ఉన్నది. తొమ్మిది అక్షరం పొల్లుపోకుండా చేరితే ఉత్తీర్ణత. వేగానికి మార్కులు వేయకండి. ఒకసారి వేస్తే పిల్లలు పరిగెత్తడం మొదలుపెడతారు, తప్పులు పెరుగుతాయి.

చట్టం గురించి రెండు మాటలు. మన దేశంలో 12 ఏళ్లు నిండినవాళ్లు ఎవరైనా ఆపరేటర్ పరీక్ష రాయొచ్చు. మామూలు రోజుల్లో హ్యామ్ మూడో మనిషి కబుర్లు మొయ్యకూడదు. ప్రకృతి విపత్తులో మామూలు సంబంధాలు తెగినప్పుడు, కలెక్టర్ లాంటి అధికార యంత్రాంగం తరఫున మొయ్యొచ్చు. అందుకని సందేశ పత్రంలో పంపినవారి సంతకం, హోదా గడి తప్పనిసరి. లాగ్ బుక్ కూడా అంతే తప్పనిసరి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒకరు: డ్రిల్ నాటికి లైసెన్సు రానివాళ్లు ఏం వాడాలండీ?)

రెండు దారులున్నాయండీ. లైసెన్సు అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ అరవాటు సెట్లు దొరుకుతాయి, గది నుంచి గదికి, వీధి చివరి దాకా పనిచేస్తాయి. కొనేటప్పుడు అరవాటుదే అని చూసుకోండి. అదే ఫ్రీక్వెన్సీలో 5 వాట్లిచ్చే సెట్లకి ఆ మినహాయింపు లేదు. రెండోది, లైసెన్సు ఉన్నవాళ్లు పీటీటీ నొక్కి మాట్లాడతారు, లేనివాళ్లు రాస్తారు, లాగ్ పెడతారు, కాగితాలు మోస్తారు. నిజమైన తుఫానులో కూడా ప్రతి సెట్టుకీ రాసేవాళ్లు ఒకరు కావాలి, కాబట్టి అది చిన్న పని కాదు.

(ఇంకొకరు: సెట్టు బాగుంది, యాంటెన్నా బాగుంది, అయినా జవాబు తప్పు ఛానెల్లో పోతోంది.)

చేతి సెట్టులో రెండు ఛానెళ్లు ఒకేసారి వినే డ్యూయల్ వాచ్ ఆన్‌లో ఉండి ఉంటుంది. కింది ఛానెల్లో పిలుపు వినిపిస్తుంది, మీరు నొక్కితే సెట్టు తను అనుకున్న ఛానెల్లో పంపుతుంది. డ్రిల్‌కి ముందు అన్ని సెట్లలోనూ అది ఆపేయించండి. ఛానెళ్లు కూడా ఒకే కంప్యూటర్ ఫైలు నుంచి అన్నింటికీ ఎక్కించండి, ఒకటో నంబరు అందరికీ ఒకటే అయ్యేలా.

(మరొకరు: మా కాలేజీలో అన్నీ ఉన్నాయి, ఏదైనా మిగిలిందా?)

డాబా తాళం. అది ఎవరి దగ్గర ఉంటుంది? వాచ్‌మన్ దగ్గర అయితే, రాత్రి రెండింటికి ఆయన ఎక్కడ ఉంటారు, ఫోన్ పనిచెయ్యనప్పుడు ఆయన ఇంటికి దారి ఎవరికి తెలుసు? తాళం నకలు ఒకటి బ్యాటరీ పెట్టెలోనే తాడుతో కట్టి ఉంచండి. పెట్టె మూత లోపలి వైపు ఒక కాగితం అంటించండి: తాళం ఏ తలుపుది, బ్యాటరీ చివరిసారి ఏ తేదీన ఛార్జి చేశారు, ఫ్యూజులు ఎన్ని మిగిలాయి. తేదీ దాటి నెలైతే, ఆ పెట్టె తెరిచి చూడాల్సిన మనిషి పేరు కూడా అందులోనే రాయండి.